తొట్టెలలోని రాయికి నేను చెప్పిన అర్థం

ఆరు పంక్తుల కవితకు అర్థం చెప్పి, ఆ కవిని సిమెంటు దుకాణంలో కూర్చోబెట్టిన ఘనత నాది. అది ఎలా సాధించానో వివరంగా మనవి చేస్తాను. మధ్యలో మీకు నవ్వు వస్తే ఆపుకోనక్కర లేదు. నాకు మాత్రం కథ సగానికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది.

ముందుగా ఒక సంగతి. నేను చెప్పిన అర్థంలో తార్కికమైన లోపం ఒక్కటి కూడా లేదు. ప్రతి పంక్తికీ సాక్ష్యం ఉంది. ప్రతి సాక్ష్యాన్నీ స్వయంగా వెళ్లి చూసి వచ్చాను. ప్రతి ఇటుకనూ పరీక్షించి, కొలతలు సరిచూసుకుని, తీరా వంతెనను పక్క ఊరి ఏటి మీద కట్టి వచ్చిన ఇంజినీరు ఎవరైనా ఉంటే, ఆయన నా బాధ గ్రహించగలడు.

నేను చదివింది భూగర్భశాస్త్రం. చదువు పూర్తయ్యేనాటికి హైదరాబాదులో రాళ్లను చదివినవాడికి గిరాకీ లేదు. రాళ్లను పగలగొట్టి మేడలు కట్టేవాడికీ, ఆ మేడల్లో కూర్చుని కంప్యూటరు మీట నొక్కేవాడికీ ఉంది. అందరితోపాటు నేనూ అమీర్‌పేటలో ఒక కోర్సు చేసి, ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో టెస్టరుగా కుదురుకున్నాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. తప్పులు వెతికే గుణం పుట్టుకతోనే వచ్చింది. కంపెనీ చేసిందల్లా దానికి జీతం కట్టడమే.

ఫిల్మ్ నగర్ వాలులో గది అద్దెకు తీసుకున్నప్పుడు, ఇంటాయన "గాలి ధారాళంగా వస్తుందండీ" అన్నాడు. నేను అగరువత్తి వెలిగించి, పొగ ఎటు పోతోందో చూసిన తరువాతనే అడ్వాన్సు చేతిలో పెట్టాను. మోతీనగర్‌లో ఉండే మా అక్క ఇంటికి ఆదివారాలు భోజనానికి వెళితే, పాలు చిక్కనివని ఆమె అన్నందుకు మరుసటి వారం పాల చిక్కదనం కొలిచే గొట్టం కొని పట్టుకెళ్లాను. "ఒరే, కాఫీ తాగుతావా, పాలచేత పరీక్ష రాయిస్తావా" అని ఆ గొట్టాన్ని అటక మీద పెట్టేసింది మా అక్క. ఇలాంటివాడికి ఒక కవిత దొరికితే ఏమవుతుందో మీరే ఊహించండి.

మా వాలు దిగువన ఒక చాయ్ హోటలు ఉండేది. అక్కడే నర్సింలు అన్న పరిచయమయ్యారు. సిద్దిపేట వైపు మనిషి. సినిమా పాటలు రాయాలని వచ్చి, రహమత్ నగర్‌లో భార్య పద్మ వదినతో ఒక చిన్న వాటాలో ఉండేవారు. ఆవిడ జాకెట్లు కుట్టేది. ఆయన పాటలు కట్టేవారు. ఆవిడ కుట్టినవి అందరికీ సరిపోయేవి. ఆయన కట్టినవి ఎవరికీ సరిపోయేవి కావు.

లోపం పాటలో కాదు, పాట తరువాత వచ్చే ఘట్టంలో. సినిమా ఆఫీసుల్లో సిట్టింగు అని ఒకటి జరుగుతుంది. రచయిత పాట వినిపించాలి. తరువాత నిర్మాతకూ దర్శకుడికీ పంక్తి పంక్తికీ అర్థం చెప్పాలి. పాట ఎంత పేలవంగా ఉన్నా అర్థం చెప్పేటప్పుడు కన్నీళ్లు తెప్పించగల రచయితలు ఆ వీధుల్లో కార్లలో తిరిగేవారు. మన నర్సింలు అన్న పాట వినిపించి, నోరు మూసుకునేవారు. "అర్థమేమిటండీ" అని అడిగితే "గదే" అనేవారు. ఆయన పాటకంటే ఆ తరువాతి మౌనమే పొడవుగా ఉండేదని ప్రతీతి.

ఒక సాయంత్రం చాయ్ దగ్గర అడిగాను. "ఎందుకన్నా, నాలుగు మాటలు చెబితే ఏం పోతుంది?"

"నాతోని గాదు తమ్మీ. పాట రాసి మల్ల అర్థం జెప్పుడంటే, బువ్వ పెట్టి, ఎట్ల నమలాల్నో గూడ జూపిచ్చినట్లుంటది."

"మరి పని ఎలా దొరుకుతుంది?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "దొరుకకుంటే ఎర్రగడ్డకు పోవుడే. బామ్మర్ది సిమెంటు దుకాణం పెట్టిండు. వచ్చి కూసో బావా అంటుండు. పద్మ ఇప్పటిదాంక ఒక్క మాట అనలే. ఈ పాట గూడ కాకుంటే పోతనని నేనే మాటిచ్చిన."

"ఏ పాట?"

"బిట్టు సాంగు. చిన్నది. తల్లి మీద. కథ బయట జెప్పొద్దన్నడు డైరెక్టర్ సారు." ఇలా అని, గొంతు తగ్గించి వినిపించారు:

*తొట్టెల కట్టిన చేతులే*
*రాయిని ముందు పండబెట్టినయ్.*
*రాయికి బొట్టు, రాయికి పేరు,*
*రాయికి జోల.*
*ఊగి ఊగి రాయి లేచింది,*
*దాని జాగ ఇంక ఖాళీగనే ఉంది.*

తొట్టెల అంటే ఉయ్యాల అని నాకు తెలుసు. అంతకుమించి ఆ క్షణానికి తెలిసింది ఒక్కటే, అందులో రాయి ఉందని. రాయి ఉన్నచోట నాకు అర్థం కాలేదనడం నా పట్టాకే తలవంపు. అందుచేత గంభీరంగా తల పంకించి, "అర్థమైందన్నా" అన్నాను.

"నిజంగ అర్థమైందా?"

"పూర్తిగా."

ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూశారు. తరువాత నా భుజం మీద చెయ్యి వేసి, "అయితే సిట్టింగుకు నువ్వు గూడ రా. అడిగితే నువ్వే జెప్పు. అర్థమైనోడు చెప్పాలె గని, నాకు నోరు రాదు" అన్నారు. ఆయన కళ్లు చెమర్చినట్టు కనిపించాయి. హోటలు పొయ్యి పొగ అనుకున్నాను. పొగ ఆ వైపు పోవడం లేదని గమనించాను కూడా. గాలి మారి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

ఇక పరిశోధన మొదలైంది. ఆదివారం అక్క ఇంటి భోజనం మానుకుని జూబ్లీహిల్స్ రోడ్లన్నీ కాలినడకన తిరిగాను. అప్పట్లో అక్కడ ఏ మలుపులో చూసినా కంప్రెసర్ల మోతే. కొన్ని వందల కోట్ల ఏళ్లుగా కదలని బండలను పగలగొట్టి పునాదులు తీస్తున్నారు. ఒక ప్లాటులో ఏనుగంత బండ మీద ఎర్రరంగు చుక్కలు కనిపించాయి.

అక్కడ పనిచేస్తున్న మేస్త్రీని అడిగాను. "ఈ చుక్కలేమిటి?"

"డ్రిల్లు గాడ బెట్టాలె సార్. బొట్టు పెట్టినమంటే ఇగ రాయి పని అయిపోయినట్టే."

ఆయన నోటితోనే బొట్టు అన్నాడు. కవిత్వ విమర్శ చరిత్రలో ఇంత గట్టి సాక్ష్యం ఎవరికైనా దొరికిందేమో నాకు తెలియదు. ఆ పక్క బండ మీద తెల్లని సున్నంతో యజమాని పేరు రాసి ఉంది: రాయికి పేరు. కంప్రెసరు ఆగకుండా ఒకే శ్రుతిలో మూలుగుతోంది: రాయికి జోల. పేల్చినప్పుడు బండ లేస్తుంది. లేచిన చోట మిగిలేది ఖాళీ జాగా. ముక్కలను ఎత్తే క్రేను గొలుసులు అచ్చం ఉయ్యాలే. కవిత తల్లి మీద అని ఆయనే చెప్పారు. ఎవరా తల్లి? భూమాత.

ప్రతి ముక్కా కుదిరింది. కుదరడం వేరు, నిజం కావడం వేరు అని కళాశాలలో మా మాస్టారు ఒకరోజు చెప్పారట. ఆ రోజు నేను బహుశా హాజరు కాలేదు.

సిట్టింగుకు ముందురోజు నర్సింలు అన్నను కలవడానికి రహమత్ నగర్ వెళ్లాను. ఆయన ఇంకా రాలేదు. పద్మ వదిన మిషను మీద నుంచి లేచి, నన్ను ఎన్నడూ లేనంత ఆదరంగా కూర్చోబెట్టి చాయ్ పెట్టింది. గోడ గూట్లో, మడతపెట్టిన చిన్న గుడ్డ మీద, నునుపైన నూరుడు రాయి ఒకటి నిలబెట్టి ఉంది. పసుపు రాసి ఉంది. రాయి కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. తీసి, వెలుతురుకు పట్టి, జేబులోని తాళంచెవితో ఒక గీత గీశాను.

"ఇది మామూలు రాయి కాదు వదినా. నల్లరాయి. గట్టిదనం చూస్తున్నాను."

ఆవిడ నెమ్మదిగా నా చేతిలోంచి దాన్ని తీసుకుంది. "అది ముట్టకు తమ్మీ."

"గీత పడలేదు వదినా. చాలా గట్టి రాయి."

"అవు. గట్టిదే." కొంగుతో ఆ గీసినచోట తుడిచి, మళ్లీ గుడ్డ మీద నిలబెట్టింది.

అది ఎవరో ఇంటిదేవత అనుకున్నాను. ఇతరుల విశ్వాసాలను ప్రశ్నించరాదన్న మర్యాద, నా జీవితం మొత్తంలో, ఆ ఒక్క సాయంత్రమే నాకు గుర్తొచ్చింది.

సిట్టింగు జూబ్లీహిల్స్‌లోని నిర్మాతగారి ఆఫీసులో. నిర్మాతగారు కోనసీమ మనిషి, నిండైన విగ్రహం. పక్క ప్లాటులోనే ఆయన సొంత ఇల్లు కట్టుకుంటున్నారు. కంప్రెసరు చప్పుడుకు టీ కప్పులు సాసర్లలో సన్నగా వణుకుతున్నాయి. నాకు ఇంతకంటే అనువైన నేపథ్య సంగీతం ఎక్కడ దొరుకుతుంది?

నర్సింలు అన్న పాటను ఒక్కసారి వినిపించి ఊరుకున్నారు. దర్శకుడు సన్నగా, నిద్రచాలని కళ్లతో ఉన్న మనిషి. ఆయన బల్ల మీదికి వంగాడు.

"బాగుందండీ. ఎక్కడో తగులుతోంది. కానీ ఈ రాయేంటండీ? ఉయ్యాల్లో రాయెందుకు? అది ఒక్కటి చెబితే నేను రేపే రికార్డింగ్ పెట్టుకుంటాను."

నర్సింలు అన్న నావైపు చూశారు. ఆ చూపులోని నమ్మకం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పదగిన విషయం కాదనిపించింది.

"ఆ రాయి గ్రానైటు అండీ" అని ప్రారంభించాను.

భూమి చల్లబడినప్పటి నుంచి మొదలుపెట్టి కంప్రెసరు దాకా వచ్చాను. చుక్కలు, పేర్లు, గొలుసులు, మేస్త్రీ వాంగ్మూలం, అన్నీ వరుసగా సమర్పించాను. దర్శకుడి కనుబొమలు ఒకదాని దగ్గరికి ఒకటి జరుగుతూ వచ్చాయి. ఆయన విషయంలో లీనమవుతున్నాడని భావించాను.

"ఒక్క నిమిషమండీ. ఇందులో తల్లి ఎవరు?"

"భూమాత అండీ."

"మరి బిడ్డ?"

"పాటలో బిడ్డ ఎక్కడా లేదండీ. నేను వెతికాను."

నర్సింలు అన్న తల దించుకున్నారు. వినయం అనుకున్నాను.

ఇంతలో నిర్మాతగారు టీ కప్పు పక్కకు నెట్టారు. "ఆగండాగండి. బొట్టు పెట్టి, పేరు రాసి, బండను లేపేస్తే జాగా ఖాళీ. ఇదంతా నా ప్లాటు గురించా?"

"మీ ఒక్కరి ప్లాటే కాదండీ. అయితే మీది మంచి ఉదాహరణ."

"నా డబ్బులతో, నా సినిమాలో, నా ఇంటికి శాపం పెట్టిస్తున్నారటయ్యా" అని ఆయన దర్శకుడి వైపు తిరిగారు.

దర్శకుడి గొంతులో కోపంకంటే నిరాశ ఎక్కువ వినిపించింది. "నర్సింలు గారూ, నేను మీకు చెప్పిన సందర్భమేంటండీ? బిడ్డను పోగొట్టుకున్న తల్లి. మీరేమో ఎప్పుడో బండల మీద రాసుకున్నది తెచ్చి దీనికి అతికిస్తారా? ఈయన చెప్పిందేనా దీని అర్థం?"

సరిగ్గా ఆ క్షణానికే కంప్రెసరు ఆగింది. నర్సింలు అన్న నన్ను చూశారు, లేచారు, కండువా సర్దుకున్నారు.

"ఆయన సదువుకున్నోడు సార్" అని బయటికి నడిచారు.

రోడ్డు మీద ఆయన వెనక పరుగెత్తుతూ, "వాళ్లకు అందుకునే స్థాయి లేదన్నా" అన్నాను. ఆయన ఆగకుండానే, "నువ్వు నడువు తమ్మీ. నేను బస్సుల పోత" అన్నారు. ఆ రోడ్డులో బస్సు తిరగదని ఆయనకు తెలియజేశాను. సమాచారం సరైనదే.

ఆ వారంలోనే ఆయన ఎర్రగడ్డ దుకాణంలో కూర్చున్నారని చాయ్ హోటల్లో విన్నాను. కళను గుర్తించని లోకాన్ని ఇంకో వారంపాటు నిందించాను. అక్కడితో ఆగి ఉంటే, నేను ఇప్పటికీ సుఖంగా నిద్రపోతూ ఉండేవాడిని. కానీ మా అక్క ఆడపడుచు కొడుక్కి బారసాల వచ్చింది.

మోతీనగర్‌లో, అక్క ఇంట్లోనే. మగవాళ్లమందరం అలవాటు ప్రకారం బయట షామియానా కింద కుర్చీల్లో కూర్చుని దేశాన్ని చక్కదిద్దుతున్నాం. లోపలి నుంచి అక్క పిలిచింది.

"ఒరే, వంటింట్లో పొత్రం కడిగి పెట్టాను, పట్టుకురా. బరువుగా ఉంటుంది. దారిలో దానికి పరీక్షలేం పెట్టకు."

రుబ్బురోలు పొత్రం. దాన్ని మోసుకుని ఉయ్యాల గదిలోకి వెళ్లాను. అంతవరకూ ఏ బారసాలలోనూ నేను ఆ గడప దాటలేదు. అక్క దాన్ని నా చేతుల్లోంచి అందుకుని, బొట్టు పెట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఉయ్యాలలో పడుకోబెట్టింది. ఆడవాళ్లు చుట్టూ చేరి ఆ రాయిని పిల్లవాడి పేరుతో పిలిచారు. ఊపారు. జోల పాడారు.

"ఇదేమిటక్కా?"

"ఏమిటేమిటి? ముందు రాయిని పడుకోబెడతారు, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. తరువాత దాన్ని తీసేసి, అదే చోట బిడ్డను పడుకోబెడతారు. ఇన్నేళ్లొచ్చాయి, తెలీదా నీకు?"

"రాయిని తీశాక బిడ్డను పెట్టకపోతే?"

అక్క నా వీపు మీద ఒక్కటి వేసింది. "శుభమా అని పేరు పెట్టుకుంటుంటే అవేం మాటలురా. అవతలికి పో."

అవతలికే పోయాను. భోజనం చేయకుండా ఎర్రగడ్డ దాకా నడిచాను. దారి పొడుగునా ఒకే రాయి కనిపిస్తూ వచ్చింది. పసుపు రాసినది, చిన్న గుడ్డ మీద నిలబెట్టినది, నేను తాళంచెవితో గీసినది.

నర్సింలు అన్న సిమెంటు బస్తాల మధ్య, కనుబొమల మీద బూడిదరంగు దుమ్ముతో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి స్టూలు జరిపారు.

"అన్నా, ఆ రాయి నాకు అర్థమైంది."

"మల్లనా?" అన్నారు.

అక్క ఇంట్లో చూసింది చెప్పాను. ఆయన విన్నారు. రోడ్డు వైపు చూస్తూ మాట్లాడారు.

"పాప దవాఖాన్ల ఉండె. మంచిరోజు దాటిపోతదని పెద్దోళ్లు రాయితోని తొట్టెల జేసిన్రు. పాప ఇంటికొచ్చినంక పండబెడదాం తియ్యున్రి అన్నరు. రాయిని తీసిన్రు. గంతే. పాప రాలే."

నేను అప్పుడు స్టూలు మీద కూర్చున్నాను.

"నువ్వు అర్థమైంది అన్ననాడు ఇంటికి వొయ్యి పద్మకు జెప్పిన. చెప్పకుండనే పట్టిండే ఒకడు, మన లెక్కనే సమజైంది వానికి అని. ఆమె మస్తు సంబురపడ్డది. గందుకే నువ్వు రాయి ముట్టినా ఏమనలే."

"ఆ రోజు అక్కడే నన్ను ఆపి, నిజం చెప్పాల్సింది కదన్నా."

"పాటల బిడ్డ లేదంటివి తమ్మీ. ఎతికిన అంటివి." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మల్ల నేనేం జెప్పాలె?"

ఇంతలో ఎవరో బస్తాల కోసం వచ్చారు. ఆయన లేచి వెళ్లారు. పద్మ వదినకు క్షమాపణ చెప్పడానికి మరునాడు రహమత్ నగర్ వెళ్లాను. ఆవిడ మిషను ఆపలేదు. "పోనీ తమ్మీ, గీత పడలే గదా" అంది. దానికి అర్థమేమిటో నేను వెతకలేదు.

దర్శకుడినీ కలిశాను. ఆయన మొత్తం విని, రెండు చేతులతో తల పట్టుకుని, "ఇది ఆ రోజు చెప్పుంటే బాగుండేది కదండీ" అన్నాడు. ఆ సన్నివేశాన్ని అప్పటికే వీణతో ముగించేశారు. నర్సింలు అన్న తరువాత కూడా కొన్ని పాటలు కట్టారనీ, దుకాణంలో బేరం లేనప్పుడు బామ్మర్దికి వినిపిస్తుంటారనీ విన్నాను. నాకు మాత్రం ఎన్నడూ వినిపించలేదు. బామ్మర్ది అర్థం అడగడట.

ఈ కథ మొత్తం ఒక ఆదివారం మా అక్కకు చెప్పాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తరువాత నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"నీ బారసాల నాకు బాగా గుర్తురా. నీకు కూడా ముందు రాయినే పడుకోబెట్టారు. బొట్టు పెట్టారు, నీ పేరుతో పిలిచారు, జోల పాడారు. తరువాత ఉయ్యాల్లోంచి ఒకదాన్ని తీసి వంటింట్లో పెట్టారు. ఏది తీశారో అని ఈ రోజు అనుమానం వస్తోంది."

కాబట్టి పాఠకులందరి సమక్షంలో, ఎడమచేయి భూగర్భశాస్త్రం పట్టా మీద, కుడిచేయి వంటింటి పొత్రం మీద ఉంచి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ కవిత వినిపించి అర్థమైందా అని అడిగినా, కాలేదంటాను. అర్థమైనా కాలేదంటాను. బొట్టు పెట్టిన రాయి ఎక్కడ కనిపించినా తాళంచెవి జేబులోనే ఉంచుకుంటాను. కనిపించిన ప్రతి మాటనూ ఎప్పటిలాగే తనిఖీ చేస్తాను, ఒక్క మా అక్క అనుమానాన్ని తప్ప. అది పరీక్షకు నిలుస్తుందేమోనని నాకు భయం.